కొట్టేసిన పేరు కూడా కనిపించాలి

2019 జులైలో ఒక గురువారం రాత్రి 10.40కి, బెంగళూరు మారతహళ్లిలో మా అద్దె ఇంట్లో భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని నేను ఒక డేటాబేస్‌ను చెరిపేశాను. చెరిపేయబోతున్నానని టెర్రాఫామ్ (ఫైళ్లలో మనం రాసిన ప్రకారం సర్వర్లనూ డేటాబేసులనూ కట్టే పరికరం) ముందే రాసి చూపించింది. ఒప్పుకుంటే 'యెస్' అని పూర్తిగా టైపు చేయమంది. టైపు చేశాను.

అప్పట్లో నేను పనిచేసిన చిన్న సంస్థ క్లినిక్కులకు అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ నడిపేది. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణలలో కలిపి రెండు వందల చిల్లర క్లినిక్కులు మా మీద ఆధారపడి ఉండేవి. ఆ నెలలో ఒక కొత్త ఖాతాదారు మా దగ్గర భద్రతా తనిఖీ చేయించారు. డిస్కు మీదున్న సమాచారమంతా ఎన్‌క్రిప్ట్ అయి (తాళంచెవి లేనిదే చదవలేని రూపంలో) ఉండాలని ఆ తనిఖీలో రాశారు. న్యాయమైన కోరికే. మా సర్వర్లూ డేటాబేసులూ అన్నీ టెర్రాఫామ్ ఫైళ్లలో రాసినవే కాబట్టి పని తేలికనిపించింది. డేటాబేస్ వివరాలున్న ఫైలు తెరిచి, ఎన్‌క్రిప్షన్ ఎదురుగా 'ఫాల్స్' అని ఉన్న చోట 'ట్రూ' అని మార్చాను. మొత్తం మార్పు ఆ ఒక్క మాటే.

నడుస్తున్న డేటాబేస్‌ను ఉన్నచోటే ఎన్‌క్రిప్ట్ చేయడం మేము వాడే క్లౌడ్‌లో కుదరదు. ముందు స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదంతా ఉన్నట్టు పట్టే ప్రతి) తీయాలి, దానికి ఎన్‌క్రిప్ట్ చేసిన నకలు తయారుచేయాలి, ఆ నకలు నుంచి కొత్త డేటాబేస్‌ను లేపాలి. టెర్రాఫామ్ ఈ వరసంతా తనంతట తాను చేయదు. ఇప్పుడు ఏముందో, మనం ఏం కావాలన్నామో ఆ రెండే చూస్తుంది. మొదటిదాన్ని రెండోదానిగా మార్చే దారి లేకపోతే పాతదాన్ని పడగొట్టి కొత్తది కడుతుంది. ఆ సంగతి దాచలేదు కూడా. డేటాబేస్ పేరు పక్కన మైనస్, దాని పక్కన ప్లస్ వేసింది. మార్చిన మాట ఎదురుగా 'ఫోర్సెస్ రీప్లేస్‌మెంట్' అని రాసింది. చివర్లో లెక్క కట్టింది: రెండు చేర్పులు, పదకొండు మార్పులు, ఒక తొలగింపు. ఆ పదకొండులో ఎక్కువ భాగం ట్యాగుల (వస్తువులకు తగిలించే పేరుచీటీల) సవరణలే. తెర నిండా అవే పారుతుంటే కళ్లు జారిపోయాయి. ఆ ఒక్క తొలగింపు, మధ్యాహ్నం ఫైల్లోంచి తీసేసిన పాత అలారం అనుకున్నాను. ఆ అలారం తొలగింపు సాయంత్రమే పూర్తయిందని తర్వాత గుర్తొచ్చింది.

డేటాబేస్‌ను తొలగించేటప్పుడు క్లౌడ్ చివరి స్నాప్‌షాట్ ఒకటి అడుగుతుంది. మా ఫైల్లో 'అక్కర్లేదు' అని రాసి ఉంది. స్టేజింగ్ (పరీక్షలకు వాడే వ్యవస్థ) కోసం రాసుకున్న ఫైలును ఎవరో, ఖాతాదారులు నిజంగా వాడే ప్రొడక్షన్‌కూ నకలు చేసినప్పుడు ఆ మాటా వెంట వచ్చింది. రోజువారీ బ్యాకప్‌లు డేటాబేస్‌తో పాటే పోయాయి. అంతకు ఏడాది ముందు ఉద్యోగం మానేసిన ఒక సహోద్యోగి, రోజూ తెల్లవారుజామున రెండింటికి వేరే ఖాతాలోకి ఒక నకలు పంపే స్క్రిప్టు పెట్టి వెళ్లాడు. మిగిలింది అదొక్కటే. ఇరవై గంటల నలభై నిమిషాల సమాచారం పోయింది.

మరునాడు ఉదయం ఎనిమిది నుంచి క్లినిక్కులకు ఒక్కొక్కదానికీ ఫోన్లు చేశాం. నాది నెల్లూరు కాబట్టి కోస్తా జిల్లాలు నా వంతుకు వచ్చాయి. ఒంగోలులో ఒక పిల్లల డాక్టరు గారి క్లినిక్‌లో రిసెప్షన్‌లో ఉండే పెద్దావిడ, సంగతి చెప్పగానే కోప్పడకుండా "ఉండమ్మా, పుస్తకం తెస్తాను" అన్నారు. మా సాఫ్ట్‌వేర్ పెట్టాక కూడా ఆవిడ పొడుగు నోటుపుస్తకం మానలేదు. పేర్లు చదువుతున్నారు, నేను టైపు చేస్తున్నాను. పది పేర్లు అయ్యాక ఆగి, "కొట్టేసినవి కూడా చదవమంటావా?" అని అడిగారు.

"అవెందుకండీ, కొట్టేశారు కదా."

"విను తల్లీ. పొద్దున రామని ఫోన్ చేసినవాళ్లు సాయంత్రం బిడ్డకు జ్వరం ఎక్కువైందని మళ్లీ వస్తారు. అందుకే పేరు మీద ఒక్క గీతే గీస్తాను. కింద పేరు కనిపించాలి."

ఆ రోజు ఆవిడ చదివిన కొట్టేసిన పేర్లు నాలుగు. అందులో ఇద్దరు పిల్లలు నిజంగానే సాయంత్రం వచ్చారు.

ఇది జరిగాక నాలో పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది, దాని కోసమే ఈ వ్యాసం. సర్వర్లు కట్టడం, మార్చడం, అప్లికేషన్‌ను ప్రొడక్షన్‌లోకి ఎక్కించడం పూర్తిగా యంత్రానికి వదిలేయాలి. సమాచారం ఉన్నదాన్ని తొలగించడం మాత్రం ఎప్పటికీ యంత్రానికి వదలకూడదు. మా రంగంలో చాలామంది ఈ రెండింటినీ, మార్పులను తనంతట తాను అమలుచేసే ఒకే పైప్‌లైన్‌లో, ఒకే అనుమతితో నడుపుతున్నారు. అది తప్పని నా వాదన.

మొదటి సగం గురించి నాకు రవ్వంత అనుమానం లేదు. 2011లో నేను బెంగళూరు వచ్చినప్పుడు మా రిలీజు రాత్రులు ఎలా ఉండేవో చెప్పాలి. ఎక్సెల్ షీటులో నలభై ఏడు మెట్లు. ఒకరు చదివేవారు, ఒకరు టైపు చేసేవారు. ఆరు సర్వర్లలోనూ ఒకదాని తర్వాత ఒకటిగా పాత సర్వీసు ఆపి, కొత్త ఫైలు పెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. నాలుగో సర్వరుకు వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. ఐదో సర్వర్లో మెట్టు ముప్ఫై మూడు చేశామో లేదో ఇద్దరికీ గుర్తుండేది కాదు. అలసిపోయిన మనిషికి ఒకే పని ఆరుసార్లు చేయమని ఇవ్వడమే ఆ పద్ధతిలోని దోషం.

ఆ దోషం ఖరీదు ఎంతో 2012 ఆగస్టు 1న అమెరికాలో తేలింది. నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఎనిమిది సర్వర్లలో కొత్త కోడ్ పెట్టాలి. పెట్టినవారు ఒక సర్వర్‌ను మరిచిపోయారు. ఎప్పుడో వాడకం ఆపేసిన పాత కోడ్ అందులో బతికే ఉంది. మార్కెట్ తెరవగానే అది లేచి ఆర్డర్లు కుమ్మరించింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మధ్యలో ఇంజినీర్లు కంగారుపడి, సరిగ్గా ఉన్న ఏడు సర్వర్లలోంచి కూడా కొత్త కోడ్ తీసేశారు. దాంతో పాత కోడ్ అన్నిట్లోనూ లేచింది. ఏడాది తిరిగేలోపు ఆ సంస్థ మరొకదానిలో కలిసిపోయింది. ఎనిమిదింటికి ఎనిమిదీ ఒకేలా ఉన్నాయో లేదో ఒక చిన్న స్క్రిప్టు సెకనులో చెప్పగలిగేది.

ఈ బాధ తెలిసినవాళ్లే పరికరాలు తయారుచేశారు. 1993లో ఓస్లో విశ్వవిద్యాలయంలో మార్క్ బర్జెస్ సీఎఫ్‌ఇంజిన్ రాశాడు. యంత్రానికి మెట్లు చెప్పకుండా, చివరికి ఎలా ఉండాలో చెబితే చాలన్న ఆలోచన అందులోదే. 2005లో పపెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. 2014లో హాషికార్ప్ టెర్రాఫామ్‌ను విడుదల చేసింది. అదే ఏడాది గూగుల్, అప్లికేషన్లను చాలా సర్వర్లలో నడిపించే కుబెర్నెటీస్‌ను బయటపెట్టింది. నేను మొదటిసారి ఆన్సిబుల్ నడిపిన రోజు, నలభై ఏడు మెట్లూ నాలుగు నిమిషాల్లో ఆరు సర్వర్లలోనూ అయిపోయాయి. పక్క సీటులో ఉన్న మా సీనియర్ కుర్చీ వెనక్కి జరిపి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి తొమ్మిదిన్నరకే ఇంటికి వెళ్లాం. ఈ పరికరాల మీద నాకున్న కృతజ్ఞత చిన్నది కాదు.

అయితే 'చివరికి ఎలా ఉండాలో చెప్పు' అనే పద్ధతిలో ఒక లోతైన మలుపుంది. మనుషుల మాటల్లో ఒకదాని ఊసెత్తలేదంటే దాన్ని అలాగే ఉండనిమ్మని అర్థం. "హాల్లో కుర్చీలు సర్దండి" అంటే బీరువా బయట పారేయమని ఎవరూ అనుకోరు. టెర్రాఫామ్‌కు మౌనం ఒక ఆజ్ఞ. నిన్నటిదాకా ఫైల్లో ఉండి, ఇవాళ లేదంటే తొలగించమనే. తాను కట్టిన వాటన్నిటి జాబితాను స్టేట్ ఫైల్లో రాసుకుని ఉంటుంది. ఆ జాబితాలో ఉండి మన ఫైళ్లలో లేనిది ఏదైనా సరే, దాని దృష్టిలో పడగొట్టాల్సినదే. ఫైలు పేరు చివర ఉండే '.tf' పొరపాటున మారినా, ఇద్దరు వేర్వేరుగా రాసిన కోడ్ శాఖలు కలిపేటప్పుడు ఒక భాగం జారిపోయినా, ఒక మాడ్యూల్ పేరు మార్చి ఆ సంగతి చెప్పడం మరిచినా అదే అర్థం తీసుకుంటుంది.

అన్ని పరికరాలూ ఇలా ఉండవు. ఆన్సిబుల్‌లో ఒక పనిని ఫైల్లోంచి తీసేస్తే సర్వరులో ఏమీ జరగదు. లేకుండా చేయాలంటే 'ఆబ్సెంట్' అని నోరు విప్పి రాయాలి. కుబెర్నెటీస్‌లో మామూలు 'అప్లై' ఆదేశం కూడా అంతే, ఫైల్లో లేనిదాని జోలికి పోదు. కుబెర్నెటీస్‌కు కోడ్ భద్రపరిచే గిట్ నుంచి మార్పులు తెచ్చే ఆర్గో సీడీ, మనం ప్రత్యేకంగా అనుమతి ఇస్తే తప్ప తనంతట తాను ఏదీ తొలగించదు. భద్రత కోసమే అలా పెట్టామని దాని పత్రాల్లో రాసుకున్నారు. అలాగే అమెజాన్ క్లౌడ్‌లో ఎన్‌క్రిప్షన్ తాళంచెవిని తొలగించమంటే అప్పటికప్పుడు తొలగదు. కనీసం 7 రోజులు, మనం ఏమీ చెప్పకపోతే 30 రోజులు ఆగుతుంది. ఆ తాళంచెవి పోతే దానితో మూసినదంతా పోయినట్టే కాబట్టి ఆ గడువు పెట్టారు. తయారుచేసినవాళ్లకే చోటుచోటునా తోచిన ఈ జాగ్రత్తను, వాడేవాళ్లం మేము హడావిడిలో విప్పేసుకుంటున్నాం. చాలా పైప్‌లైన్లలో 'ఆటో అప్రూవ్' (మనిషిని అడగకుండానే ఒప్పుకోవడం) పెట్టి ఉంటుంది. ఎవరు పెట్టారని అడిగితే, మొదట్లో పరీక్షించడానికి పెట్టాం, అలాగే ఉండిపోయింది అంటారు.

ఇక్కడ నా స్నేహితుడొకడు ఎప్పుడూ అడ్డుపడతాడు. బెల్లందూరులో ఒక పెద్ద జట్టును నడుపుతాడు, పనిమంతుడు. "నువ్వు మనిషినే పెట్టావు కదా ఆ రాత్రి? ఆ మనిషివి నువ్వే. యెస్ కొట్టావు. ఇంకో మనిషిని పెడితే అతనూ కొడతాడు" అంటాడు. ఈ వాదన బలమైనది, దీన్ని దాటి పోలేం. రోజుకు ముప్పైసార్లు అనుమతి అడిగితే ముప్పై ఒకటోసారి ఎవరూ చదవరు. సంతకాల కోసం దొంతరగా పెట్టిన ఫైళ్ల మీద అధికారి సంతకం చేసుకుంటూ పోయినట్టే ఉంటుంది.

అందుకే నేను అడిగేది అనుమతులు పెంచమని కాదు, తగ్గించమని. టెర్రాఫామ్ ప్లాన్‌ను, అంటే చేయబోయే పనుల పట్టికను, స్క్రిప్టు చదవగలిగే జేసన్ రూపంలో బయటకు తీయవచ్చు. అందులో ప్రతి వస్తువు ఎదురుగా ఏం చేయబోతున్నదీ ఒక మాట ఉంటుంది. 'డిలీట్' ఉందా, ఉంటే ఆ వస్తువు డేటాబేసా, డిస్కా, ఫైళ్ల బకెట్టా, తాళంచెవా, సైట్ల చిరునామాలుండే డీఎన్ఎస్ జోనా అని చూడటానికి యాభై వరసల స్క్రిప్టు చాలు. ఇప్పుడు నేను పనిచేసే చోట అదే చేశాం. కొత్తవి కట్టడం, ఉన్నవి మార్చడం, సమాచారం లేని సర్వర్లను తీసి కొత్తవి పెట్టడం ఎవరినీ అడగకుండా జరిగిపోతాయి. పైన చెప్పిన రకాల వస్తువు తొలగుతుంటే మాత్రం పైప్‌లైన్ ఆగిపోతుంది. అది నెలకు రెండు మూడుసార్లకు మించి జరగదు. కాబట్టి ఆగినప్పుడు అందరూ తలెత్తి చూస్తారు.

ఆగాక ఏం చేయాలో కూడా ఆ ఒంగోలు పుస్తకం నుంచే తెచ్చుకున్నాను. మార్పు రాసినవారు జట్టులో మరొకరికి ఆ వస్తువు పేరు పైకి చదవాలి. అందులో ఏముందో, ఎవరు వాడుతున్నారో సొంత మాటల్లో చెప్పాలి. తర్వాత దాన్ని తొలగించకుండా ఆపేసి, స్నాప్‌షాట్ తీసి, వారం రోజులు అలాగే ఉంచాలి. వారంలో ఎవరూ ఫోన్ చేయకపోతే అప్పుడు తీసేయవచ్చు. తొలగించనివ్వకుండా ఆపే మాట, టెర్రాఫామ్‌లోని 'ప్రివెంట్ డిస్ట్రాయ్', చాలదా అని అడుగుతారు. అది మంచిదే, మా ఫైళ్లలో అంతటా ఉంది. కానీ ఆ వస్తువును వర్ణించే భాగం మొత్తం ఫైల్లోంచి పోతే ఆ మాటా దానితోనే పోతుంది, ఇక ఆపేవాళ్లు ఉండరు. క్లౌడ్ వైపు ఉండే తొలగింపు రక్షణ కూడా పెట్టుకోవాలి. 2024 జనవరిలో వచ్చిన టెర్రాఫామ్ 1.7 వెర్షన్‌లో 'రిమూవ్డ్' అనే భాగం చేర్చారు. వస్తువును పడగొట్టకుండా స్టేట్ ఫైలు జాబితాలోంచి మాత్రమే తప్పించమని దానితో చెప్పవచ్చు. ఇది పదేళ్ల ముందే ఉండాల్సింది.

ఖర్చు సంగతి కూడా ఒప్పుకోవాలి. వాడని డిస్కుకు కూడా నెల నెలా బిల్లు వస్తుంది. స్టేజింగ్ సర్వర్లను మేము ప్రతి రాత్రీ నేలమట్టం చేసి పొద్దున మళ్లీ కడతాం, అందులో నాకేమీ బాధ లేదు. వారం ఆగినందుకు అయ్యే ఖర్చు మా ఆఫీసులో ఒక పూట టిఫిన్ల ఖర్చును ఎప్పుడూ దాటలేదు.

పెద్ద సంస్థలు పెద్ద దెబ్బలు తిని ఇటువైపే వచ్చాయి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు, నకలు ఉంచే రెండో సర్వర్లో ఉన్నాననుకుని అసలు సర్వర్లోనే డేటాబేస్ ఫోల్డర్ చెరిపేశాడు. ఒకటి రెండు సెకన్లలో తెలుసుకుని ఆపాడు. అప్పటికే 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్ పద్ధతులు ఐదు ఉన్నాయనుకున్నారు, ఒక్కటీ పనిచేయలేదు. అదృష్టం కొద్దీ ఎవరో ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ దొరికింది. జరిగినదంతా వాళ్లు దాచకుండా లోకానికి చెప్పారు, అందుకు నేను వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. నెల తిరగకుండానే ఫిబ్రవరి 28న అమెజాన్ ఫైళ్లు దాచే సేవ ఎస్3లో కొన్ని సర్వర్లను తప్పించబోయి, ఆదేశంలో ఇచ్చిన ఒక వివరం తప్పు పడి చాలా ఎక్కువ తప్పించారు. నాలుగు గంటలపాటు ఇంటర్నెట్‌లో ఎన్నో సైట్లు కుంటుపడ్డాయి. తర్వాత వాళ్లు ఆ పరికరాన్ని మార్చి, నెమ్మదిగా మాత్రమే తొలగించేలా, కనీస సంఖ్య కన్నా కిందికి పోనివ్వకుండా చేశారు. అంతటి సంస్థ తన పరికరాన్ని కావాలని నెమ్మది చేసుకుంది. మా పైప్‌లైన్ ఎంత వేగమో చెప్పుకునేవాళ్లు ఆ ఒక్క నిర్ణయం మీద ఒక పూట ఆలోచించాలని నా కోరిక.

కోరమంగళలో మా రంగంవాళ్ల శనివారం సమావేశాలకు వెళ్తుంటాను. 2023 ఆగస్టులో టెర్రాఫామ్ లైసెన్సు మారినప్పటి నుంచి అక్కడ ఒకటే చర్చ: టెర్రాఫామా, దాని నుంచి చీలి లైనక్స్ ఫౌండేషన్ గొడుగు కిందికి వెళ్లిన ఓపెన్‌టోఫునా? 2025లో హాషికార్ప్ ఐబీఎం చేతికి వెళ్లాక ఆ చర్చ ఇంకా పెరిగింది. చర్చ అవసరమే, నేనూ ఓపెన్‌టోఫు వైపే మొగ్గుతాను. కానీ రెండింట్లోనూ మైనస్ గుర్తుకు అర్థం ఒకటే. ఈ మధ్య ఈ ఫైళ్లను కృత్రిమ మేధ చేత రాయించడం, అక్కడితో ఆగకుండా నడిపించడం కూడా మొదలైంది. రాసేది ఎవరైనా, తొలగింపు దగ్గర ఆగే గేటు రాసినవారి చేతిలో ఉండకూడదు. కృత్రిమ మేధకే గేటు తెరిచే అనుమతి ఇచ్చినవారిని ఇద్దరిని చూశాను, ఇద్దరితోనూ గట్టిగానే వాదించాను.

మా జట్టుకు ఒక పాత నియమం ఉంది: శుక్రవారం మధ్యాహ్నం తర్వాత ప్రొడక్షన్ ముట్టుకోకూడదు. సగం మంది సాయంత్రానికి మడివాళలో విజయవాడ బస్సో కర్నూలు బస్సో ఎక్కుతారు. చిత్తూరు దాటాకో, అనంతపురం దాటాకో ఫోన్ వస్తే చేయగలిగింది ఏమీ ఉండదు. పోయిన నెల ఒక గురువారం, అందుకే హడావిడిగా, మా జట్టులో కొత్తగా చేరిన కర్నూలు అమ్మాయి పాత డిస్కులను శుభ్రం చేసే మార్పు పెట్టింది. పైప్‌లైన్ ఆగింది. ల్యాప్‌టాప్ తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.

"అక్కా, మొత్తం నాలుగు" అని మొదలుపెట్టింది. మొదటిది చదివి, అది పాత లాగ్‌ల డిస్కు అని చెప్పింది. రెండోదీ అంతే. మూడోదాని పేరు చదివి, "ఇది రిపోర్టుల సర్వరుకు..." అని ఆగింది. తెర మీదికి వంగి మళ్లీ చదివింది.

"ఆ సర్వర్ తీసేసి చాలా రోజులైంది కదమ్మా?"

"అవునక్కా. కానీ దీన్ని నిన్న రాత్రి ఎవరో వాడారు."

ఎవరు వాడారో అప్పటికప్పుడు తేలలేదు. మిగిలిన మూడింటికీ స్నాప్‌షాట్‌లు తీసి, వాటిని సర్వర్ల నుంచి విడదీశాం. మూడోదాన్ని ముట్టుకోలేదు. ఆ అమ్మాయి దాని ట్యాగులో ఆ రోజు తేదీ, తన పేరు, "ఎవరిదో కనుక్కోవాలి" అన్న మాట చేర్చి, ఆరు గంటల బస్సుకు టికెట్ ఉందంటూ సంచి సర్దుకుంది.